రంజాన్ మొదటి రోజు ఎనిమిది గంటలు

సంచి సర్దడం మొదలుపెట్టేసరికి పొద్దున ఏడున్నర. మధ్యాహ్నం రెండు గంటల రైలుకి ఏడున్నరకే సర్దడమేమిటని ఎవరైనా నవ్వొచ్చు. అరవై నాలుగేళ్ళు వచ్చినా ఊరు వదిలే రోజు నా చేతులు ఒకచోట నిలవవు. మందుల డబ్బా అడుగున పెట్టాను, మళ్ళీ తీసి పైన పెట్టాను. టికెట్టు మూడుసార్లు చూసుకున్నాను. చివరగా ఆ నూట నలభై పేజీల నివేదికను శాలువాలో చుట్టి పక్కకి దోపాను.

దాని కోసమే స్ఫాక్స్ నగరం నుంచి ఈ చిన్న తీరపు ఊరు రాస్ ఎల్ ఊద్‌కి వచ్చాను. ఇక్కడి ఎరువుల ఫ్యాక్టరీ ఏటా ఒక నివేదిక వేస్తుంది. ఎంత పొగ వదిలారు, ఎన్ని నీళ్ళు వాడారు, ఎంతమంది గాయపడ్డారు, ఎంతమంది చనిపోయారు, బోర్డు ఏ తేదీన ఏం నిర్ణయించింది, అన్నీ అందులో చెప్పి తీరాలి. ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణాలు ఉన్నాయి వాటికి. చెప్పినవి నిజమేనని చివరి పేజీలో సంతకం పెట్టడానికి ఒక బయటి మనిషి కావాలి. ఆ మనిషిని నేను. మా తనిఖీ ఆఫీసులో టైపిస్టుగా చేరి, ఎవరో రాసిన ప్రమాణాలను టైపు చేస్తూ చేస్తూ చదివి నేర్చుకున్నదాన్ని. ఎనిమిది రోజులు కాగితాలు తిరగేశాను. సంతకం మధ్యాహ్నం పన్నెండుకి.

తలుపు తట్టి గెస్టుహౌసు బట్టలు ఉతికే మబ్రూకా లోపలికి వచ్చింది. చేతిలో ఇస్త్రీ చేసిన దుప్పట్లు. చూపు మాత్రం నా సంచి మీద.

"పోతున్నారా ఖాల్తీ?" పిన్నీ అన్నట్టే పిలిచింది.

"రెండింటి బండికి."

"సంతకం పెట్టేశారా?"

నేను వెనక్కి తిరిగాను. "సంతకం సంగతి నీకెలా తెలుసు?"

"లేబర్ ఆఫీసు ఇన్‌స్పెక్టరు చెప్పాడు. 'ఫ్యాక్టరీలో ఎవరూ చావలేదని బయటివాళ్ళు సంతకం పెట్టిన పుస్తకం వస్తోందమ్మా, అది వచ్చాక నీ అర్జీ తీసుకుని నేనేం చేసుకోను' అన్నాడు. ఆ బయటివాళ్ళు మీరేనట కదా."

డెబ్బై ఒకటో పేజీ నాకు కంఠతా వచ్చు. మరణాలు: ఉద్యోగులు, సున్నా. ఇతర కార్మికులు, సున్నా.

ఆమె దుప్పట్లు దించలేదు. వాటిని పట్టుకునే చెప్పింది. మొగుడి పేరు ఖమైస్ గ్రీబీ. కాంట్రాక్టరు దగ్గర కూలీ. ఏడాదికొకసారి ఫ్యాక్టరీ ఆపి శుభ్రం చేసే రోజుల్లో పనికి వెళ్ళేవాడు. పోయిన మార్చిలో కనిపించకుండా పోయాడు. పదకొండు నెలలైంది. మార్చి 11 సోమవారమే పని మానేసి దొంగచాటుగా ఇటలీ పోయే పడవెక్కాడని కాంట్రాక్టరు చెప్పాడు. పోలీసులు అదే రాసుకున్నారు. ఈ తీరంలో మగవాడు కనిపించకపోతే పోలీసులు కుర్చీలోంచి లేవరు. సముద్రం దాటాడని ఒక్క ముక్క రాస్తే వాళ్ళ పని అయిపోతుంది. ఏళ్ళ కిందట నా సొంత తమ్ముడి విషయంలోనూ ఆ ఒక్క ముక్కే రాశారు. వాడు నిజంగానే దాటాడో లేదో ఈనాటికీ నాకు తెలియదు.

"మంగళవారం రంజాన్ మొదటి రోజు ఖాల్తీ. తెల్లవారకముందే లేచి నాతోపాటు సహూర్ తిన్నాడు. 'సాయంత్రం చొర్బా సూపులో మిరియాలు తగ్గించవే, నిరుడు నా నాలుక కాల్చావు' అని చెప్పి మరీ పోయాడు. పడవెక్కేవాడు సాయంత్రం చొర్బాకి వంకలు పెడతాడా?"

"మంగళవారమా? సోమవారమే మానేశాడన్నారు కదా?"

"అందుకే కదా చెప్తున్నాను! ఇంటి నుంచి పోయింది మంగళవారం. ఎవడూ వినడు. పోయాడని రాసివ్వమంటే జడ్జిగారేమో ఏళ్ళు ఆగమన్నాడు. నేను పెళ్ళాన్నో, ముండమోసినదాన్నో చెప్పేవాడు లేడు. పిల్లలకి బడిలో తండ్రి సంతకం కావాలంటారు."

"నేను పోలీసుని కాదమ్మా."

"తెలుసు. వాళ్ళ దగ్గరికి పోయొచ్చాకే మీ దగ్గరికి వచ్చాను."

ఫోనులో ఫొటో చూపించింది. ముఖమంతా నవ్వు, తల మీద పసుపు రంగు హెల్మెట్. దాని నుదుట అతికించిన నంబరు స్పష్టంగా ఉంది: 4417.

సంచి తెరిచే ఉంది. శాలువాలోంచి నివేదిక లాగి, చిన్న కంప్యూటరుతో పాటు చంకన పెట్టుకుని, మిగతాదంతా అలాగే వదిలేసి బయలుదేరాను.

* * *

ఎనిమిదీ యాభైకి ఫ్యాక్టరీ గేటు పక్క టైము ఆఫీసులో ఉన్నాను. అక్కడ ముప్పై ఏళ్ళుగా హాజరు చూసేది లజహర్ గారు, ఇక్కడి మాటలో సీ లజహర్. నా వయసువాడే, కాస్త చెవుడు, కళ్ళద్దాలకి దారం. ఈ ఎనిమిది రోజుల్లో లల్లా, అంటే అమ్మగారూ, అంటూ ఆయన నాతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటాడు.

"కాంట్రాక్టు కూలీల గంటలు కావాలి సీ లజహర్. పోయిన మార్చి 12వి."

"మొత్తం మీకు ఇచ్చేశాను కదా లల్లా. పధ్నాలుగు లక్షల చిల్లర గంటలు. ఆ పుస్తకం రాసే షౌకీ సారు కళ్ళకద్దుకుని తీసుకున్నారు."

"కళ్ళకద్దుకోడూ మరి? గాయాలను గంటలతో భాగిస్తారు. గంటలు ఎంత ఎక్కువైతే ప్రమాదాల రేటు అంత చిన్నగా కనపడుతుంది. నాకు మొత్తం వద్దు. ఆ ఒక్క రోజు, మనిషి మనిషిదీ కావాలి."

"దేనికి?"

"మచ్చు చూడటం నా పని. తేదీ నా ఇష్టం."

ఆయన మిషన్ వైపు తిరిగాడు. అచ్చు కాగితాలు ఆరు వచ్చాయి. రెండు వందల పన్నెండు వరుసలు, పేర్లు లేవు, కార్డు నంబర్లే. పనిచేసిన గంటల గడి మీద వేలు పెట్టుకుంటూ కిందికి దిగాను. ఆరు. ఆరు. ఆరు. రంజాన్‌లో ఈ దేశమంతా పనివేళలు తగ్గిస్తారు. ఆ నెలలో ఫ్యాక్టరీ షిఫ్టు ఆరు గంటలే. ఆరు, ఆరు, అయిదున్నర, ఆరు.

4417 దగ్గర వేలు ఆగింది. ఎనిమిది.

"సోమవారం మానేసినవాడు మంగళవారం ఎనిమిది గంటలు పనిచేశాడా?"

జవాబు కోసం ఆగకుండా వేలు ఇంకా కిందికి దించాను. పధ్నాలుగు వరుసల తర్వాత ఇంకొకటి. 4431. ఎనిమిది.

"మిగతా రెండు వందల పదిమంది ఉపవాసం ఉండి ఆరు గంటలు దాటకుండా చేసి ఇంటికి పోయారు. ఈ ఇద్దరే మరో రెండు గంటలు ఎక్కువ చేశారు. ఏం, వీళ్ళకి ఆకలి వెయ్యదా?"

"ఆ ఎనిమిది వాళ్ళు చేసినవి కావు లల్లా."

"మరి?"

"మిషన్ వేసినవి." గొంతు తగ్గించాడు. చెవిటివాడు గొంతు తగ్గిస్తే గదిలోకి ఇంకెవరో వచ్చినట్టు ఉంటుంది. "లోపలికి పోయేటప్పుడు కార్డు గీకుతారు, బయటికి వచ్చేటప్పుడు గీకుతారు. బయటికి గీకకపోతే మిషన్ తనంతట తనే ఎనిమిది వేసేస్తుంది. రంజాన్ వచ్చిందని దానికి ఎవరూ చెప్పలేదు."

"లోపలికి ఎప్పుడు?"

"4417, ఆరూ యాభై రెండు. 4431, ఆరూ యాభై అయిదు."

"బయటికి?"

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తెర మీద ఆ గడి ఖాళీగా ఉంది.

"గీకడం మర్చిపోతుంటారు కదా," అన్నాను. "ఆ నెలలో ఎంతమంది మర్చిపోయారు?"

"ముప్పై ఒక్కసారి."

"మర్నాడు మళ్ళీ లోపలికి గీకినవాళ్ళు?"

మీటలు నొక్కాడు. తెర వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "ఇరవై తొమ్మిది."

"ఈ 4431 ఎవరు సీ లజహర్?"

"తియెర్నో అనేవాళ్ళు. గినీ మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. కాగితాలు లేవు, కాంట్రాక్టరు రోజు కూలీకి తెచ్చుకున్నాడు. పొద్దున్నే నాకు ఫ్రెంచిలో సలాం చెప్పేవాడు, 'నాన్నగారూ' అనేవాడు. ఎందుకన్నాడో మరి, నాకు పిల్లలే లేరు."

"అతని కోసం ఎవరూ రాలేదా?"

"ఎవరొస్తారు?"

"ఆ రోజు వాళ్ళిద్దరికీ పని ఎక్కడ?"

కాంట్రాక్టరు పట్టీ తీసి, తానేమీ చెప్పనట్టు నా వైపు తోశాడు. రెండు నంబర్లకి ఎదురుగా ఒకటే మాట: గంధకం గొయ్యి.

* * *

గంధకం గొయ్యి ఇప్పుడు లేదు. నివేదిక యాభై ఎనిమిదో పేజీలో దానికొక రంగుల ఫొటో ఉంది. భూగర్భ జలాలను కాపాడటానికి పాత గొయ్యిని మార్చి 13న కాంక్రీటుతో శాశ్వతంగా పూడ్చి పైన తోట వేశామని చెప్పుకున్నారు. ఎనిమిది రోజుల కిందట ఆ పేజీ చదివి బాగుందని పక్కన టిక్కు కూడా పెట్టాను. ఇప్పుడు ఆ టిక్కును పెన్నుతో కొట్టేశాను.

నడుస్తూనే నూట పన్నెండో పేజీ తీశాను. పాలనా విభాగం, బోర్డు నిర్ణయాల తేదీలు. గొయ్యి మూసివేతకు ఆమోదం: ఏప్రిల్ 22.

మనుషులు లోపలికి దిగింది మార్చి 12. గొయ్యి పూడ్చింది మార్చి 13. పూడ్చాలని బోర్డు అనుకున్నది ఏప్రిల్ 22. ఒక కుర్చీ కొనాలన్నా మూడు సంతకాలు కావలసిన కంపెనీలో, నలభై రోజుల ముందే కాంక్రీటు లారీలు ఎవరు పిలిచారు?

పదీ ఇరవైకి తోట దగ్గరికి చేరాను. రోజ్‌మేరీ పొదలు, తెల్ల రాళ్ళ అంచు. అడుగులతో కొలిచాను: పొడవు పదకొండు, వెడల్పు ఆరు. మధ్యలో ఒక పొద మాత్రం చచ్చిపోయి ఉంది. ఎవరూ చూడటం లేదని నిశ్చయించుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. మట్టి పొడి పొడిగా ఉంది. అరచేతి లోతున వేళ్ళకి ఇనుము తగిలింది. రంపంతో కోసేసిన రెండు గొట్టాలు, జానెడు ఎడంలో. నిచ్చెన కొసలు.

గొయ్యి మూసేవాళ్ళు ముందు నిచ్చెన తీస్తారు. పంపు తీస్తారు, తీగలు తీస్తారు. తర్వాత కాంక్రీటు పోస్తారు. నిచ్చెనతో సహా పోశారంటే దాన్ని తియ్యడానికి మళ్ళీ లోపలికి దిగేవాడు దొరకలేదన్న మాట. లేదా దిగనివ్వలేదన్న మాట.

ఇంకా తవ్వాను. గొట్టం మొదట్లో ఆకుపచ్చ నైలాను తాడు రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడివేసి ఉంది. గొయ్యిలోకి దిగేవాడి నడుముకి కట్టి, పైన ఉన్నవాడు పట్టుకోవలసిన తాడు అది. ముడి ఉన్న కొస ఇక్కడుంది. రెండో కొస కాంక్రీటులోకి పోయింది. లాగాను. కదల్లేదు. బిగువుగా ఉంది.

గంధకం గొయ్యిలో ఊరే గాలి మొదట కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుందనీ, ఎక్కువైతే వాసనే తెలియదనీ చదివాను. వాసన పోయిందని సంతోషించినవాడు మరుక్షణం కూలిపోతాడు. తాడు కట్టుకున్నవాడు ఒక్కడు. రెండోవాడికి తాడు లేదు.

ఫొటోలు తీసుకుని మట్టి కప్పేశాను.

* * *

పదకొండున్నరకి మీటింగు గది బయట షౌకీ బెన్ రజబ్ నా కోసం నిలబడి ఉన్నాడు. ఈ నివేదికంతా అతని చేతి పని. ముప్పై ఎనిమిదేళ్ళు, మంచి సూటు. ఒకప్పుడు మా ఆఫీసులో నా పక్క బల్ల మీద కూర్చుని పని నేర్చుకున్నాడు. ఇప్పటికీ ఉస్తాదా, అంటే గురువుగారూ, అంటాడు, కొంచెం వెక్కిరింపుగా.

"మీ విజిటర్ కార్డు ఇలా ఇవ్వండి ఉస్తాదా. గేటు దగ్గర పని నేను చేయించి పెడతాను, మీకు బండి తప్పిపోకూడదు కదా. మోకాళ్ళకి ఆ మట్టేమిటి? నమాజు చేశారా మా తోటలో?"

"అలాంటిదే." కార్డు ఇచ్చాను, అతను దాన్ని వసారాలో ఉన్న ఒక కుర్రాడికి అందించాడు. అప్పుడు నా బుర్ర ఆ తాడు దగ్గరే ఉంది.

లోపల బల్ల మీద కాఫీ, సంతకం కాగితం, బంగారు పాళీ పెన్ను. అతను ఎదురుగా కూర్చున్నాడు.

"పెన్ను నాది వాడతారా, మీదే తెచ్చుకున్నారా? మీ అలవాట్లు నాకు తెలుసు."

"ఒక్క ప్రశ్న షౌకీ. 4417."

"అదేం నంబరు? లాటరీయా?"

"కార్డు. ఖమైస్ గ్రీబీ."

"ఓ, అతనా! కాంట్రాక్టరు మనిషి. మన ఉద్యోగి కాదు."

"కంపెనీ ఆవరణలో, కంపెనీ అజమాయిషీలో పనిచేసిన ప్రతి మనిషీ లెక్కలోకి వస్తాడని ప్రమాణంలో ఉంది. ఆ వాక్యం కింద నీ చేత గీత గీయించింది నేనే. అయినా అతని గంటలు కలుపుకోవడానికి పనికొచ్చాడు కదా, ఇంకోదానికి ఎందుకు పనికిరాడు?"

"సోమవారమే మానేశాడు ఉస్తాదా."

"మంగళవారం ఆరూ యాభై రెండుకి కార్డు గీకాడు."

"మిషన్ తప్పు. నెలకి ముప్పై సార్లు చేస్తుంది."

"ముప్పై ఒకటి. అన్నీ చూశాను. మిగతావాళ్ళు మర్నాడు పనికొచ్చారు. ఇతను రాలేదు."

"ఎలా వస్తాడు? వాళ్ళిద్దరూ కలిసి పడవెక్కారని పోలీసులే రాశాక మీరింకా..."

నేను కాఫీ కప్పు పక్కకి జరిపాను.

"పోలీసు కాగితంలో ఒక్క పేరే ఉంది షౌకీ. నేను అడిగింది ఒక్కడి గురించే. రెండోవాడి కోసం ఈ ఊళ్ళో నోరు తెరిచి అడిగిన మనిషి లేడు. నీకెలా తెలుసు ఇద్దరని?"

అతను చెంచా కింద పెట్టాడు. గోడ గడియారం వైపు చూశాడు. నేను ఊరుకోలేదు.

"తాడు ఒక్కటే ఉంది గొయ్యిలో. రెండోవాణ్ణి తాడు లేకుండా ఎవరు దించారు?"

"వాణ్ణి ఎవరూ దిగమనలేదు!" అరిచేశాడు. వెంటనే నోరు మూసుకున్నాడు కానీ మాట బయటికి వచ్చేసింది. తర్వాత తనే నెమ్మదిగా అన్నాడు. "ఆగమంటే ఆగలేదు. 'ఖమైస్, ఖమైస్' అంటూ దూకేశాడు. రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. మూడోవాణ్ణి పంపమంటారా మీరైతే?"

"మాస్కు వేసుకున్నవాళ్ళను పిలిచేదాన్ని. అంబులెన్సు పిలిచేదాన్ని. లారీలను పిలిచేదాన్ని కాదు."

"పద్దెనిమిది వందల ఇళ్ళు ఈ ఫ్యాక్టరీ మీద బతుకుతున్నాయి ఉస్తాదా. యూరప్ వాళ్ళు ఈ పేజీలో సున్నా చూస్తేనే సరుకు కొంటారు. రెండు అని రాస్తే..."

"రెండు అయితే రెండే రాయాలి. ఆ గడి అందుకే ఉంది."

"మీరు మారలేదు." లేచి సంతకం కాగితం తీసుకున్నాడు. "నేనూ ఊహించాను లెండి. మీ డైరెక్టరు గారితో పొద్దున్నే మాట్లాడాను. ఒంటిగంటకి ఇంకొకరు వచ్చి పెడతారు. మీ గురించి అడిగినవాళ్ళకి, ముఫీదా మేడమ్ ఒంట్లో బాగాలేక ముందే వెళ్ళిపోయారు, పాపం పెద్దావిడ, అంటాం. కాఫీ తాగండి, చల్లారిపోతుంది."

తలుపు అతని వెనక మెత్తగా మూసుకుంది.

అంతలో, పన్నెండూ పదికి, నా ఫోను మోగింది. లజహర్.

"లల్లా, క్షేమంగా రైలు స్టేషనుకి చేరారా?"

"స్టేషనేమిటి? మీటింగు గదిలోనే ఉన్నాను."

అవతల మీటలు నొక్కిన చప్పుడు.

"లల్లా, మిషన్లో మీరు పదకొండూ నలభైకే బయటికి పోయినట్టుంది."

నా కార్డు. నేనే తీసి చేతికిచ్చాను. రేపు ఎవరైనా నన్ను వెతుక్కుంటూ వస్తే ఈ ఫ్యాక్టరీ నిర్భయంగా తెర తిప్పి చూపిస్తుంది. లోపలికి వచ్చిన టైము, బయటికి పోయిన టైము, అన్నీ సరిగ్గా. ఆ ఇద్దరి విషయంలో చేసిన పొరపాటు ఈసారి చెయ్యలేదు.

వెళ్ళి తలుపు పిడి తిప్పాను. తిరగలేదు.

"సీ లజహర్, నేను ఎక్కడున్నానో మీకు తెలుసు. ఇంకెవరికి తెలుసు?"

"నాకొక్కడికే." అన్నాడాయన. "గేటు వదిలితే నా ఉద్యోగం పోతుంది లల్లా." తర్వాత కుర్చీ నేలకి రాసుకున్న చప్పుడు. "వస్తున్నాను. ఫోను పెట్టకండి."

పెట్టలేదు. బల్ల మీద ఉంచి, సంచిలో పెట్టకుండా చేతిలోనే తెచ్చుకున్న చిన్న కంప్యూటరు తెరిచాను. వసారాలో అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఒకరివి కావు. లజహర్‌వి అయ్యేంత నెమ్మదిగానూ లేవు. ధ్రువీకరణ పత్రం మీద నాకింకా హక్కు ఉంది, ఒంటిగంట వరకు. లేబర్ ఇన్‌స్పెక్టరు, మా ఆఫీసు, సరుకు కొనే ఇద్దరు యూరప్ వ్యాపారులు, ట్యూనిస్‌లో ఒక పత్రిక: అయిదు చిరునామాలు వేశాను. తాడు ఫొటో, ఆ ఆరు హాజరు కాగితాల ఫొటోలు జోడించాను. పిడి బయటి నుంచి కదిలింది. అక్షరాలు తప్పు పడుతున్నాయని తెలిసినా ఆగి దిద్దుకోలేదు. పంపించాను.

అందులో నేను రాసింది ఇది.

డెబ్బై ఒకటో పేజీలోని సున్నాను నేను ధ్రువీకరించడం లేదు. ఇతర కార్మికుల మరణాలు: రెండు. ఖమైస్ గ్రీబీ, కార్డు 4417, మార్చి 12 మంగళవారం ఉదయం ఆరూ యాభై రెండుకి లోపలికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. తియెర్నో, ఇంటిపేరు తెలియదు, కార్డు 4431, అదే ఉదయం ఆరూ యాభై అయిదుకి లోపలికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.